గుంటూరున సూర్యుని శోధించిన జాన్సెను పండితుడు

గుంటూరు పట్టణమనగానే మన ప్రాంతమువారికి మిరపకాయలును పొగాకును జ్ఞప్తికి వచ్చును. ఖగోళశాస్త్రజ్ఞులకు మాత్రము ఆ పేరు వేఱొక కారణమున ప్రియమైనది. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన అచ్చట నొక ఫ్రెంచి పండితుడు సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించి, మఱునాటి యుదయమున, గ్రహణము లేకుండగనే సూర్యుని యంచున లేచు అగ్నిశిఖలను చూచు నుపాయమును సాధించెను. ఆయనయే పియెర్ జూల్ సెజార్ జాన్సెను. ఆ మహనీయుని చరిత్రమును మా పాఠశాల బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలుపవలెనని మాకు చాల కాలముగా కోరిక కలదు. శ్రీహరికోటనుండి సూర్యుని పరిశీలింప వెడలిన ఆదిత్య నౌకను గూర్చి పై తరగతుల పిల్లలు అడుగు ప్రశ్నలు ఆ కోరికను త్వరపెట్టినవి. సౌరజ్వాలలనుండి ఎక్స్‌ కిరణములు వెలువడుననియు, నౌకలోని యంత్రములు వానిని పట్టుచున్నవనియు వారు పత్రికలలో చదివిరి. చేయి విఱిగినప్పుడు సిద్దిపేట ఆస్పత్రిలో ఎముక పటము తీయు కిరణములు సూర్యునియందెట్లు పుట్టునని వారి సందేహము. జాన్సెను జీవితము వెంబడి పోయినచో ఈ ప్రశ్నకు సమాధానము సులభముగ దొరకునని మా యభిప్రాయము.

జాన్సెను 1824వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. శైశవమున దాది యజాగ్రత్తవలన పడి కాలు చెడిపోగా, ఆయన యావజ్జీవము కుంటుచునే నడచెను. అందుచే ఇతర బాలురవలె క్రమముగ బడికి పోవుట ఆయనకు సాధ్యపడలేదు. ఇంట కలిమి లేదు. యౌవనమున నొక బ్యాంకిలో కొలువు చేయుచు, మిగిలిన వేళల స్వయముగ చదువుకొని, 1852లో, అనగా ఇరువదియెనిమిదవ యేట, గణితశాస్త్రమున పట్టమందెను. పిమ్మట కొంతకాలము ఉపాధ్యాయుడుగ నుండెను. ఈ సంగతి చదివినప్పుడు మా వృత్తివారికి కొంచెము గర్వము కలిగిన యెడల చదువరులు క్షమింపవలెను.

1857లో ఆయన పెరూ దేశమునకు పోయెను. భూమి యొక్క అయస్కాంత శక్తి ఏయే తావుల నెట్లు వంగుచున్నదో కొలిచి, దాని మధ్యరేఖను గుర్తించుట ఆ ప్రయాణమునకు కారణము. అచ్చట రోగపీడితుడై తిరిగి రావలసివచ్చెను. ఈ అయస్కాంతపు మాటను బాలురు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో మనకు పని కలదు. 1860లో ఆయన పండిత పట్టమునకై వ్రాసిన గ్రంథము కంటిని గూర్చినది. వెలుతురుతో కూడివచ్చు వేడి కిరణములను కంటిలోని స్వచ్ఛములైన పొరలును ద్రవములును నడుమనే పీల్చివేయుననియు, అందుచే నవి లోపలి సున్నితమైన తెరను చేరవనియు ఆయన చూపెను. చూపునకు అడ్డము లేనట్లు తోచు వస్తువే కొన్ని కిరణములకు గోడవలె అడ్డుపడుననుట దీని భావము. ఆయన తరువాత చేసిన పనియంతయు ఈ యొక్క విషయమునుండి పెరిగినదేయని చెప్పవచ్చును.

ఆ కాలముననే జర్మనీ దేశమున కిర్కాఫ్, బున్సెను అను పండితులు వెలుతురును చదువుటకు క్రొత్త విద్యను కనుగొనిరి. వెలుతురును గాజుపట్టకము గుండ పోనిచ్చినచో ఇంద్రధనుస్సువలె రంగులపట్టీ యగును. మండుచున్న వాయువు ఆ పట్టీయంతట వెలుగక, తన కేర్పడిన కొన్ని స్థానములయందే మెఱుపు గీతలను చూపును. అదే వాయువు తనకంటె వేడియైన వెలుతురునకు ముందు నిలిచినచో, ఆ స్థానములయందే నల్లని గీతలు పడును. సూర్యుని పట్టీలో ఇట్టి నల్లని గీతలు లెక్కకు మించి యున్నవి. అవి యన్నియు సూర్యునివేనా, లేక త్రోవలో మన గాలి గీచినవి కొన్ని కలవా యనునది జాన్సెను వేసికొనిన ప్రశ్న.

ఆయన ఈ ప్రశ్నను బల్లముందు కూర్చుండి తేల్చుకొనలేదు. సూర్యుడు దిగంతమున నున్నప్పుడు కొన్ని గీతలు ముదురగుటయు, నడినెత్తికి వచ్చినప్పుడు పలుచనగుటయు గమనించెను. 1864లో స్విట్జర్లాండునందలి ఫాల్‌హార్న్ పర్వతమెక్కి చూడగా అవి యింకను పలుచనయ్యెను. పిమ్మట జెనీవా సరస్సు ఒడ్డున పెద్ద మంట వేయించి, ఇరువది కిలోమీటర్ల దూరమునుండి ఆ మంట వెలుతురును పరీక్షించెను. దగ్గఱనుండి చూచినప్పుడు లేని గీతలు నీటిమీది గాలిని దాటి వచ్చిన వెలుతురున కనబడెను. కట్టెల మంటలో సూర్యుని గీతలెందుకుండును? అవి గాలివే. 1866లో పారిసునందలి గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల ఇనుపగొట్టమును ఆవిరితో నింపి, దానిగుండ వెలుతురును పంపి, ఆ గీతలలో పెక్కులు నీటియావిరి వలన కలిగినవని నిశ్చయించెను. మేము జాన్సెనును మెచ్చుకొనునది గుంటూరు విజయమునకంటెను ఈ ఓర్పునకే యనిన అతిశయోక్తి కాదు.

1868 నాటి గ్రహణము మిక్కిలి దీర్ఘమైనది. చంద్రుని నీడ మన దేశమును పడమటి తీరమునుండి తూర్పు తీరము వఱకు దాటిపోయెను. బందరున మద్రాసు నక్షత్రశాలాధిపతి పాగ్సను దొర యుండెను. గుంటూరున టెన్నెంటు దొర నాయకత్వమున ఆంగ్లేయుల బృందమొకటి దిగెను. ఫ్రెంచి ప్రభుత్వము పంపగా వచ్చిన జాన్సెను, సముద్రమునకును కొండలకును నడుమనున్న గుంటూరునే ఎంచుకొని, అచ్చట వర్తకము చేయుచుండిన లెఫోషే అను స్వదేశీయుని యింట యంత్రములను నెలకొల్పెను. అది వానకాలము. గ్రహణమునకు ముందటి దినములయందు ఆకాశము మబ్బులతో నిండి యుండెను. వేలకొలది మైళ్ళు ప్రయాణము చేసి వచ్చినవానికి అయిదాఱు నిమిషముల దర్శనము మబ్బు పాలగునేమో యను భయమెట్టిదో తలంపుడు. ఆ యుదయమున మాత్రము సూర్యుడు బయటపడెను.

సంపూర్ణ గ్రహణము పట్టగానే, నల్లని చంద్రబింబపు టంచున రెండు ఎఱ్ఱని శిఖలు దర్శనమిచ్చెను. వీనినే పాశ్చాత్యులు ప్రామినెన్సులందురు. అవి సూర్యునివో చంద్రునివో, మేఘములో మంటలో యని అంతకు పూర్వము వాదములుండెను. జాన్సెను తన వర్ణపట యంత్రమును వాని వైపు త్రిప్పగా, రంగులపట్టీకి బదులు కొన్ని మెఱుపు గీతలు మాత్రమే కనబడెను. అందుచే అవి కాలుచున్న వాయురాసులనియు, వానిలో ముఖ్యమైనది హైడ్రోజననియు తేలెను. ఇంతవఱకు ఇతర పండితులును ఆ దినమున చూచినదే. జాన్సెను ప్రత్యేకత ఏమనగా, ఆ గీతల వెలుగు చూచినంతనే, ఇంత ప్రకాశముగల గీతలు గ్రహణము లేనప్పుడును కనబడక మానవని ఆయనకు తోచుట. వెంటనే ప్రయత్నింపనెంచెను, కాని గ్రహణము విడిచిన పిమ్మట మబ్బులు క్రమ్మెను. మఱునాడు తెల్లవాఱక ముందే లేచి యంత్రమును సిద్ధపఱచి, సూర్యుడు పైకి రాగానే బింబపు టంచును వెదకెను. శిఖల గీతలు స్పష్టముగ నిలిచి యుండెను.

ఈ యుపాయమును మన పొలములలోని పోలికతో చెప్పెదము. కాలువ నిండుగ పాఱునప్పుడు అడుగున నున్న ఱాళ్ళు కనబడవు. ఆ నీటినే విశాలమైన మడి యంతట పఱచినచో చీలమండ లోతైనను ఉండదు. ఱాళ్ళు పైకి తేలినట్లు కనబడును. సూర్యుని చుట్టునున్న ఆకాశపు వెలుతురు సర్వవర్ణములు గలది. యంత్రము దానిని రంగులపట్టీ పొడవున పఱచి పలుచన చేయును. శిఖ వెలుతురు మాత్రము రెండుమూడు గీతలయందే యుండునుగాన పఱచినను పలుచన కాదు. జాన్సెను యంత్రమును అంచు వెంబడి కొంచెము కొంచెముగ త్రిప్పుచు శిఖల ఆకారములను గూడ గీచికొనెను. అవి గంటల వ్యవధిలోనే మాఱుచుండెను. సెప్టెంబరు మొదటి దినముల వఱకు, మబ్బులు లేనప్పుడెల్ల ఆయన గుంటూరున ఇట్లు సూర్యుని శోధించుచుండెను.

ఈ వృత్తాంతమును తెలుపు లేఖ మన కాకినాడనుండి సెప్టెంబరు 19వ తేదీన వెడలెను. అది ఓడలమీద పారిసు చేరునప్పటికి అక్టోబరు వచ్చెను. ఇంతలో ఇంగ్లండునందు నార్మను లాకియరు అను పండితుడు, గ్రహణముతో పనిలేకుండ అక్టోబరు 20న అదే యుపాయమున శిఖల గీతలను చూచెను. రెండు వార్తలును ఫ్రెంచి విద్వత్సభలో అక్టోబరు 26న ఒక్క సమావేశముననే చదువబడెను. ఎవరు ముందను తగవు పెరుగుటకు ఇంతకంటె మంచి యవకాశముండదు. సభవారు కీర్తిని ఇరువురికిని పంచి పెట్టిరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను ఒక్క పతకముమీదనే ముద్రించెను. ఆ మీదట వా రిరువురు జీవితాంతము మిత్రులుగనే యుండిరి.

ఇచ్చట నొక మాట. హీలియమను మూలపదార్థమును జాన్సెను గుంటూరున కనుగొనెనని పెక్కు పుస్తకములయందు కలదు. మన ఊరి పేరు గొప్పగ వినబడుట సంతోషమే గాని, సత్యము కొంచెము వేఱు. గ్రహణమునాడు పలువురు ఒక పసుపు గీతను చూచి, దానిని సోడియము గీత యనుకొనిరి; అది సోడియపు స్థానమునకు సరిగా లేదని బందరున పాగ్సను దొర సందేహించెను. అది వేఱని నిర్ధారించి, తెలియని పదార్థమొకటి కలదని పలికి హీలియమను పేరుతో కీర్తి గొన్నవాడు లాకియరు. భూమిమీద దానిని రామ్సే పండితుడు 1895లో పట్టెను. గుంటూరున దొరకినది పదార్థము గాక పద్ధతి. మా దృష్టిలో అదియే యెక్కువ.

పిదప ఆయన జీవితమంతయు గ్రహణముల వెంట పరుగే. 1870లో జర్మను సేనలు పారిసును ముట్టడించి యుండగా, డిసెంబరు 2న జాన్సెను తన యంత్రములతో బెలూను నెక్కి శత్రువుల తలలమీదుగ తప్పించుకొని, అల్జీరియాలోని ఓరాను పట్టణము చేరెను. అంత సాహసము చేసియు, గ్రహణమునాడు అచ్చట మబ్బు పట్టినందున ఏమియు చూడలేకపోయెను. మరుసటి యేడు మఱల మన దేశమునకు వచ్చి, 1871 డిసెంబరు 12న నీలగిరులలోని షోలూరను గ్రామమున గ్రహణమును చూచెను. ఈ పర్యాయము ఆకాశము నిర్మలము. సంపూర్ణ గ్రహణమున సూర్యుని చుట్టు ముత్యపు కాంతితో కనబడు పరివేషమును కరోనా యందురు. అది మన గాలిలో కలుగు భ్రమ కాదనియు, నిజముగ సూర్యుని చుట్టునున్న పదార్థమేననియు ఆయన రుజువు చేసెను. 1874లో జపానునందలి నాగసాకిలో, శుక్రగ్రహము సూర్యబింబమును దాటుట చూచుటకు, 72 సెకండ్లలో 48 ఛాయాచిత్రములు తీయు యంత్రమును వాడుకలోనికి తెచ్చెను. నేటి చలనచిత్రములకు అదియొక పూర్వీకురాలు.

1876నుండి పారిసు చెంతనున్న మ్యూడాను అను తావున, కాలి పాడుపడిన రాజభవనమున, ఆయన నక్షత్రశాలను నెలకొల్పెను. అచ్చట సూర్యునికి వేలకొలది ఛాయాచిత్రములు తీయబడెను. కాని గాలిమీది ఆయన పగ చల్లాఱలేదు. 1890లో, అఱువదియాఱవ యేట, నడువలేని ఆ వృద్ధుడు మంచుబండిలో కూర్చుండి, కూలీలు లాగుచుండగా 4,800 మీటర్ల మోంబ్లా శిఖరమునకు చేరెను. ప్రాణవాయువు గీతలు ఎత్తునకు పోయినకొలది పలుచనగుట చూచి, అవి మన గాలివేయని తేల్చెను. శిఖరమున నక్షత్రశాలను కట్ట తలచి మంచును త్రవ్వించినను ఱాయి దొరకలేదు. మంచుమీదనే 1893లో కట్టించెను. అది మెల్లమెల్లగ మంచులోనికి క్రుంగి, ఆయన పిమ్మట విడువబడెను. 1907 డిసెంబరు 23న, ఎనుబదిమూడవ యేట, జాన్సెను మ్యూడానున దేహము చాలించెను.

ఆయన పోయిన మరుసటి యేడు, 1908లో, అమెరికాలో హేలు పండితుడు సూర్యుని మచ్చలయందు బలమైన అయస్కాంత శక్తి కలదని అవే వర్ణపట గీతల సాయమున కనుగొనెను. పెరూలో అయస్కాంతమును కొలిచిన జాన్సెను ఈ వార్తను వినకయే పోయెను. మా విద్యార్థులు అడిగిన ప్రశ్నకు తాళపుచెవి ఇచ్చటనే కలదు.

జాన్సెను గుంటూరున చూచిన శిఖలు వేఱు, సౌరజ్వాలలు వేఱు. శిఖలు సూర్యుని అయస్కాంత రేఖలపై దినముల తరబడి వ్రేలాడుచుండగల వాయురాసులు. కరోనాతో పోల్చినచో చల్లనివే. సౌరజ్వాల ఆకస్మికమైన ప్రేలుడు, నిమిషములలో రగులుకొనును. దానిని మొదట చూచినది 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండునందు కారింగ్టను. సూర్యుని మచ్చల నడుమ తెల్లని వెలుగు మెఱసి కొలది నిమిషములలో మాయమయ్యెను. ఇట్టి ప్రేలుడునకు కారణము నులకతాటిని చూచిన తెలియును. సూర్యునిలో కుతకుతలాడు వాయువు అయస్కాంత రేఖలను లాగుచు మెలిపెట్టుచు నుండును. నులకను మెలిపెట్టినకొలది దానిలో బిగువు చేరునట్లు, ఆ రేఖలయందు శక్తి చేరును. ఒకానొక తావున ఎదురెదురు రేఖలు తాకి, తెగి, వేఱు విధముగ అతుకుకొనినప్పుడు ఆ బిగువంతయు ఒక్కసారి వీడును. అప్పుడు ఎలక్ట్రానులను సూక్ష్మకణములు, వెలుతురు వేగములో మూడవవంతును అంతకు మించియు వేగమును పొంది, రేఖల వెంబడి క్రిందికి దూకును. అన్ని కణములకు అంత వేగము ఇంత త్వరగా నెట్లు కలుగుననుట గూర్చి పండితులు ఇప్పటికిని వాదించుచునే యున్నారు.

క్రింద దట్టమైన వాయువు కలదు. ఎలక్ట్రానులు దానిని ఢీకొని, పరమాణువుల నడిబొడ్డున గల విద్యుత్తుచే వంగి, వేగము చెడునప్పుడు ఎక్స్‌ కిరణములు పుట్టును. ఆస్పత్రి యంత్రములో జరుగునదియు ఇదియే: గొట్టములో ఎలక్ట్రానులను వేగముగ తోలి లోహపు పలకను ఢీకొట్టింతురు. సూర్యునియందు పలకకు బదులు వాయువు, యంత్రమునకు బదులు అయస్కాంత రేఖలు. వీనిని కఠిన ఎక్స్‌ కిరణములందురు. దెబ్బ తిన్న వాయువు ఒకటిరెండు కోట్ల డిగ్రీల వేడికెక్కి, పైకి ఉబికి, కరోనాలోని అయస్కాంతపు తోరణములను నింపి, ఆ వేడిచేతనే మృదు ఎక్స్‌ కిరణములను గంటల తరబడి వెలిగ్రక్కగలదు. కమ్మరి సమ్మెట దెబ్బల చప్పుడు క్షణములోనిది. దెబ్బ వెంట దెబ్బ పడగా ఇనుమున చేరు వేడి నిలుచును. కఠిన కిరణములు చప్పుడువంటివి, మృదు కిరణములు ఇనుములోని వేడివంటివి. దెబ్బల మొత్తమునుబట్టియే వేడి పెరుగునని 1968లో న్యూపర్టు అను పండితుడు చూపెను.

ఈ కిరణములలో నొక్కటియు మన నేలను చేరదు. మన శరీరమును దూసికొనిపోవు కిరణములను మీదనున్న గాలి యెట్లాపునని పిల్లలడుగుదురు. శరీరము మందము జానెడు. గాలిపొర మందము వందల కిలోమీటర్లు. సూర్యుని ఎక్స్‌ కిరణములు భూమికి ఎన్నియో పదుల కిలోమీటర్ల యెత్తుననే అడగిపోవును. అడగుచు ఆ గాలిని విద్యుత్తుమయము చేయుటచే దూరపు రేడియో వార్తలు హఠాత్తుగ మూగవోవును. జాన్సెను ఎక్కిన మోంబ్లా శిఖరము ఈ కిరణములకు ఎంతమాత్రము చాలదు. 1940 దశకపు చివర అమెరికావారు రాకెట్లను పంపి వీనిని మొదట పట్టిరి. 1958 అక్టోబరు 12 నాటి గ్రహణమున, పసిఫిక్ సముద్రముమీది ఓడనుండి రాకెట్లు ప్రయోగింపగా, బింబము పూర్తిగ మఱుగుపడినను ఎక్స్‌ కిరణములు పూర్తిగ ఆగలేదు. అవి వచ్చునది కరోనానుండి, అనగా నీలగిరులలో జాన్సెను నిజమని తేల్చిన ఆ ముత్యపు పరివేషమునుండి.

నేడు సౌరజ్వాలలను వాని మృదు ఎక్స్‌ కిరణముల బలమునుబట్టి ఏ, బి, సి, ఎమ్, ఎక్స్ అను తరగతులుగ విభజింతురు. ఒక్కొక్క తరగతి ముందటి దానికి పదిరెట్లు. 2003 నవంబరు 4 నాటి జ్వాల కొలత యంత్రములనే మించిపోయెను.

ఆదిత్య-ఎల్1 నౌక 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి, అనగా గుంటూరునకు దక్షిణముగ దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరమున అదే తీరమునుండి, బయలుదేఱెను. మృదు కిరణములకు ఒకటి, కఠిన కిరణములకు ఒకటి, రెండు యంత్రములు దానిలో కలవు. త్రోవలో నుండగనే, అక్టోబరు 29న, కఠిన కిరణముల యంత్రము ఒక సౌరజ్వాల తొలి విజృంభణమును నమోదు చేసెను. 2024 జనవరి 6న నౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరెను. అచ్చట గాలి లేదు, మబ్బు లేదు, రాత్రియు లేదు. సూర్యుడు మఱుగుపడుట యనునదే లేదు.